వసారాలో వెనక సీటు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: వంటింట్లో సంగటి కెలుకుతున్న అమ్మ, వసారాలో కాళ్ళు చాపుకొని కూర్చున్న అవ్వ, పెరట్లో స్పానరు పట్టుకొని నిలబడిన నాయన, కారు కింద నుంచి కాళ్ళు మాత్రం కనిపిస్తున్న మెకానిక్ ఇమ్మానుయేల్ మామ, కారు లోపల ఒళ్ళో డైరీ పెట్టుకొని నేను. కారును కూడా లెక్కలో వేసుకుంటే ఆరుగురం. నాయన వేసుకుంటాడు. అమ్మ వేసుకోదు.

మే నెల మొదటి ఆదివారం అది. మామిడికాయల కోతకు ఇంకా రెండు మూడు వారాలుంది. మా ఊరు దామలచెరువుకు ఆరు కిలోమీటర్లు. మూడెకరాల తోట మాది. ఏటా కోతకు ముందు మా ఇంట్లో తప్పకుండా జరిగే పని ఒకటుంది. కారు వెనక సీటు ఊడదీసి వసారాలో వేస్తాం. సీటు తీస్తే ఆ చోట ఎనిమిది క్రేట్లు పడతాయి. కోత అయిపోయేదాకా కారు కాయల్ని మోస్తుంది, సీటు మనుషుల్ని మోస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా దానిమీదే కూర్చోబెడతాం. అవ్వ అయితే ఆ రెండున్నర నెలలూ మంచం వైపే చూడదు.

ఆ రోజు సీటు వసారాలోకి వచ్చేసింది. అంతలో కారు స్టార్ట్ కావడం మానేసింది.

"ఇమ్మానుయేలూ, ఏం రోగమో తేలిందా?" అని వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"తేలిందక్కా," అన్నాయి కారు కింద కాళ్ళు. "వయసు."

అవ్వ నవ్వింది. నాయన నవ్వలేదు.

"దాని వయసు గాదు, మీ అన్న వయసు సూడు. చిన్నపెండ్లాన్ని పెట్టుకొని తిరిగే వయసా ఆయనది?" అంది అమ్మ.

చిన్నపెండ్లాం అంటే కారు. ప్రతి శుక్రవారం నాయన దాన్ని కడిగి పసుపు రాసి బొట్టు పెడతాడని ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు. మా ఇంటికి వచ్చిన మొదటి కారు అది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు చంద్రగిరిలో ఒక రిటైరైన మాస్టరు దగ్గర కొన్నాం. అప్పటికే అది నాకంటే నాలుగేళ్ళు పెద్దది. వెనక ఉండే కంపెనీ పేరులో అక్షరాలు ఒక్కొక్కటే రాలిపోయి, ఇప్పుడు అది ఎవరు చేసిన కారో చెప్పడానికి ఒక్క అక్షరమూ మిగల్లేదు.

నాయన స్పానరు కింద పెట్టి వంటింట్లో ఉన్న అమ్మ వైపు తిరిగాడు.

"సరేలే మోహనా. ఈ కాయలు తోలేసినాక ఇచ్చేస్తా. రేణిగుంట రాజారత్నంతో మాట్లాడినా. ఆడికృత్తిక పండగ కల్లా వచ్చి తీసుకపోతానన్నాడు."

కారు కింద కాళ్ళు కదలడం ఆగిపోయింది. రాజారత్నం ఎవరో ఇమ్మానుయేల్ మామకు తెలుసు. ఆయన పాత బండ్లు కొనేది తోలుకోవడానికి కాదు, ముక్కలు చేసి అమ్మడానికి.

"మంచిది," అంది అమ్మ. ఆ తర్వాత చాలాసేపు సంగటి కెలికిన చప్పుడే.

నేను డైరీ తెరిచి రాశాను. *రాజారత్నం అనే ఆయన. ఆడికృత్తిక. కారు పోకూడదు.* రాసి మూసేశాను. నోటితో ఎవరికీ చెప్పలేదు. నేను నోటితో చెప్పేవి తక్కువ.

అమ్మ ఆ కారెక్కి అప్పటికే ఏడాది దాటింది. పోయిన ఏడు చిత్తూరులో మా మేనమామ గృహప్రవేశానికి పోతుంటే కాణిపాకం క్రాసు దగ్గర కారు ఆగిపోయింది. అమ్మ పట్టుచీర కట్టుకొని, తల నిండా పూలు పెట్టుకొని, కారును వెనక నుంచి తోసింది. సరిగ్గా అప్పుడే అమ్మ చిన్నమ్మ కూతుళ్ళు కూర్చున్న బస్సు పక్క నుంచి పోయింది. వాళ్ళు కిటికీల్లోంచి చేతులు ఊపారు. చేతులు ఊపడం వరకైతే అమ్మ ఓర్చుకునేదేమో. ఒకామె ఫోన్ బయట పెట్టి ఫోటో తీసింది.

అమ్మ అవ్వ చేయి పట్టుకొని ఆటో ఎక్కి కాణిపాకం గుడికి పోయింది. కోనేటి నీళ్ళు తలమీద చల్లుకొని, వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేసి వచ్చింది. "ఇంక ఆ కారు ఎక్కేది లేదు. స్వామి ముందర సెప్పేసినా," అంది. మా దిక్కున కాణిపాకం ప్రమాణంతో ఎవరూ ఆటలాడరు. తాగుడు మానాల్సినవాళ్ళను, అబద్ధమాడి తప్పించుకునేవాళ్ళను అక్కడికి తీసుకుపోతారు. ఒక కారు మీద కోపంతో పోయింది మాత్రం మా అమ్మ ఒక్కతే అనుకుంటాను.

అప్పటినుంచి మా ఇంట్లో ప్రయాణమంటే అమ్మ బస్సులో, మేం కారులో. కారు ముందు సీటు అవ్వకు వచ్చింది. నాయన మొదట్లో బస్సు వెనకాలే తోలేవాడు. బస్సు ఆగిన చోటల్లా ఆగేవాడు, అమ్మ కిటికీలోంచి ఒకసారి తిరిగి చూస్తుందేమోనని. అమ్మ చూడలేదు.

నాకు ఆ కారు ఎందుకు కావాలో అడిగితే అప్పట్లో చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు రాస్తాను. ఇంటర్ రెండేళ్ళూ నాయన నన్ను ఆ కారులోనే దామలచెరువు కాలేజీకి దించాడు. ఇంట్లో నాయనకూ నాకూ మాటలుండవు. ఎదురుగా కూర్చుంటే ఇద్దరం తలలు దించుకుంటాం. కారులో అయితే ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాం. ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు. అందుకని మాట్లాడతాం. క్లాసులో సారు ఏమన్నాడో, నాయన చిన్నప్పుడు ఎవరి తోటలో కాయలు కోశాడో, అన్నీ ఆ ఆరు కిలోమీటర్లలోనే. కారు ఆగిపోతే ఇంకా ఎక్కువ. నా డైరీలో ఎనిమిదో తరగతి నుంచీ అది ఎక్కడెక్కడ, ఎందుకు ఆగిందో రాసి పెట్టుకున్నాను. ఇమ్మానుయేల్ మామ అప్పుడప్పుడు అడిగేవాడు, "పాపా, పోయినసారి ఈ పైపు ఎప్పుడు మార్చినాం?" అని. నేను పేజీ తీసి చూపించేదాన్ని. చదివి చెప్పమనేవాడు కాదు. నా సంగతి ఆయనకు తెలుసు.

జూన్ రెండో వారంలో నాయన కారు మీద నుంచి పడ్డాడు.

కారులో నుంచి కాదు, కారు మీద నుంచే. తోటలో గట్టు పక్కన ఉండే చెట్టుకు పైకొమ్మ కాయలు అందవు. దానికింద కారు నిలిపి, టాపు మీద నిలబడి, వలసంచి కట్టిన గడతో కోయడం నాయనకు అలవాటు. టాపు రంగు గీసుకుపోతుందని చెప్పులు విడిచి, గోనెసంచి పరిచి ఎక్కాడు. కారుకు గీత పడలేదు. గోనెసంచి జారింది. నాయన కుడిచేయి విరిగింది.

"చిన్నపెండ్లాం తోసేసిందా?" అని అడుగుతూనే అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

"పుత్తూరికి పదండి," అంది అవ్వ. ఎముక విరిగితే మా ఇళ్ళల్లో ఇంకో మాట ఉండదు. పుత్తూరు పోవాలి, కట్టు కట్టించుకోవాలి.

ఇమ్మానుయేల్ మామ షాపు మూసేసి వచ్చి కారు తోలాడు. ముందు సీట్లో నాయన. వెనక సీటు వసారాలో ఉంది కాబట్టి అవ్వా నేనూ రెండు క్రేట్లు బోర్లించుకొని వాటిమీద కూర్చున్నాం. అమ్మ గేటు దగ్గర నిలబడి కారు తలుపు మీద ఒకసారి చేయి వేసింది. మళ్ళీ తీసేసింది.

"నేను బస్సుకొస్తా. మీరు పోండి," అంది.

రేణిగుంట దాటకముందే కారు ఆవిర్లు కక్కుతూ ఆగిపోయింది. అది చల్లారేదాకా రోడ్డు పక్కన ముప్పావు గంట కూర్చున్నాం. నాయన నొప్పితో పళ్ళు బిగబట్టి, "పాపం, ఎండకు తట్టుకోలేకపోయింది," అన్నాడు కారు గురించి. మేం పుత్తూరు చేరేసరికి అమ్మ కట్టు కట్టే ఆయన ఇంటిముందు అరుగు మీద టోకెన్ పట్టుకొని కూర్చొని ఉంది. రెండు బస్సులు మారి వచ్చింది. సోడా కూడా తాగేసింది.

"ఏం, నడిచొచ్చినారా?" అంది.

కట్టు కట్టే ఆయన నాయన చేయి పట్టుకొని ఊరూ పేరూ అడుగుతూ అడుగుతూ ఒక్క లాగు లాగాడు. ఆకుపసరు, గుడ్డుసొన పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. "మూడు కట్లు మారాల. నెలన్నర ఈ చేత్తో గెంటె గూడా ఎత్తొద్దు," అన్నాడు.

నాయన చేయి చూసుకోలేదు. "కాయలెట్లా?" అన్నాడు.

చెట్లు నెలన్నర ఆగవు. కోసిన కాయ ఇంట్లో ఆగదు. సీజన్లో బాడుగ ఆటోలు దొరకవు, దొరికినా మా సందులోకి రావు. అరుగు మీద కూర్చొని అందరూ ఆలోచించారు. చివరికి ఇమ్మానుయేల్ మామ అన్నాడు, "తోలే మనిషి ఇంట్లోనే ఉండాది గదన్నా. రూపశ్రీకి ఏప్రిల్లో పద్దెనిమిది నిండె. ఎల్‌ఎల్‌ఆర్ తెప్పిద్దాం. లైసెన్సున్నోడు పక్కన కూసుంటే చాలు. నువ్వు కూసో."

అందరూ నావైపు చూశారు. నేను క్రేటు గీసుకుపోయిన నా మోకాలి వైపు చూశాను.

"అదా?" అంది అమ్మ. "కొట్టుకాడికి పోయి చింతపండు అడిగేదానికే సిగ్గుపడతాది."

"రోడ్డు మీద ఎవురితోనూ మాట్లాడే పని లేదులే," అన్నాడు నాయన.

ఆ మాట తప్పని తర్వాత తెలిసింది.

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష కంప్యూటర్ ముందు కూర్చొని రాసేది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అన్ని ప్రశ్నలకూ సరిగా పెట్టాను. సాయంత్రం పిల్లలు పోయాక ఖాళీగా ఉండే మా బడి మైదానంలో వారం రోజులు తోలాను. నాయన పక్కన కూర్చున్నాడు, కట్టు కట్టిన చేయి మెడకు వేలాడేసుకొని. కారు సంగతులు నాకు కొత్తవి కావు. రెండో గేరు వేసే ముందు ఒక క్షణం ఆగాలి. ఎడమకు తిప్పితే హారన్ దానంతటదే మోగుతుంది. పెట్రోలు ముల్లు ఎప్పుడూ నిండుగానే చూపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. ఇవన్నీ ఇన్నేళ్ళు పక్క సీట్లో కూర్చొని విన్నవే. మూడోరోజు నాయన, "నేను సెప్పేదేముండాది, నువ్వే నాకు సెప్తుండావు," అన్నాడు.

ఒక్క తలుపు సంగతే మిగిలిపోయింది.

రెండేళ్ళ కిందట ఒక బర్రె కారుకు ఒళ్ళు రుద్దుకుంటే తోలేవాళ్ళ వైపు తలుపు కొంచెం కిందికి జారింది. లోపల కూర్చొని ఎంత లాగినా పడదు. నాయన కిటికీలోంచి చేయి బయట పెట్టి, తలుపును పైకెత్తి లాగేసుకునేవాడు. నాకు అంత చేయీ లేదు, అంత బలమూ లేదు. నాకైతే బయట ఒక మనిషి ఉండాలి. రెండు చేతులతో తలుపు పైకెత్తి, తుంటితో ఒక్కటి తట్టాలి. ఇంటి దగ్గర అవ్వ తట్టేది. ఎలాగూ పోయే బండికి తలుపు మార్చడం ఎందుకని ఇమ్మానుయేల్ మామ కూడా ఊరుకున్నాడు.

మొదటిరోజు దామలచెరువు మామిడి మండీలో క్రేట్లు దించారు. నేను కారెక్కి కూర్చున్నాను. తలుపు వేలాడుతూ ఉంది. నాయన వైపు చూశాను. నాయన కారు టాపు వైపు చూస్తున్నాడు.

"నాయనా, ఎవరినైనా పిలువు."

"నాకు సెయ్యి బాగలేదు గదమ్మా."

"పిలిచేదానికి సెయ్యెందుకు?"

"ఎందుకో మరి, సెయ్యి బాగలేకపోతే గొంతు రావడంలే," అన్నాడు. టాపు మీద నుంచి చూపు తిప్పలేదు.

తలుపు చేత్తో పట్టుకొని పది నిమిషాలు కూర్చున్నాను. వెనక ట్రాక్టరు హారన్ కొట్టింది. ఇంకో ట్రాక్టరు కొట్టింది. ఆకుపచ్చ తుండు తలకు చుట్టుకున్న హమాలీ ఒకాయన పక్క నుంచి పోతున్నాడు.

"అన్నా," అన్నాను. ఆయనకు వినపడలేదు. నాకే సరిగా వినపడలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి ఎంత గట్టిగా అన్నానంటే ఆయనతోపాటు ఇంకో ముగ్గురు ఆగి చూశారు.

"ఏంమా?"

"తలుపు."

"తలుపుకేమైంది?"

"పడదు. పైకెత్తి... తుంటితో తట్టాల."

"దేంతో?"

"తుంటితో అన్నా."

ఆయన బుట్ట కింద పెట్టి, తలుపు పైకెత్తి, తుంటితో తట్టాడు. పడలేదు. "ఇంకా కిందుగా తట్టు," అన్నాను. మళ్ళీ తట్టాడు. పడింది. చూస్తున్నవాళ్ళు ఈలలేశారు. ఆయన నాకు దండం పెట్టి, "మా ఇంటిదాని కంటే మొండిదిమా మీ కారు," అన్నాడు. నాయన అప్పుడు టాపు మీద నుంచి చూపు దించి రోడ్డు వైపు చూశాడు. దారి పొడుగునా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

*ఈరోజు తెలియని మనిషితో మాట్లాడాను,* అని డైరీలో రాసుకున్నాను. *చాలా గట్టిగా.*

తర్వాత రోజుకు రెండు తడవలు మండీకి. ప్రతి తడవా ఎవరినో ఒకరిని పిలవాల్సిందే. పెట్రోలు బంకులో పిలిచాను. నాయన కట్టు మార్పించడానికి పోతూ చంద్రగిరి దగ్గర పంచరు షాపులో పిలిచాను. ఒకసారి రోడ్డు పక్క మేకలు తోలుకుపోతున్న ఒక ముసలామెను పిలిస్తే, ఆమె తలుపు వేసి, నాలుగు కాయలు తీసుకొని, మా ఊరు, మా కులం, నా పెళ్ళి సంగతి, అన్నీ అడిగి పోయింది. అన్నిటికీ జవాబు చెప్పాను. నాయన నోరు తెరవలేదు. జూలై వచ్చేసరికి మండీలో సగం మందికి ఆ తలుపు పట్టు తెలిసిపోయింది. ఆకుపచ్చ తుండు ఆయన పేరు మునికుమార్. నేను గేటు తిరగ్గానే ఆయన కేకేసేవాడు, "కారుపాప వచ్చె. తలుపు ఈరోజు ఎవురి వంతప్పా?" ఎడమకు తిరిగేటప్పుడు హారన్ దానంతటదే మోగేది కదా, నేనే మోగించానని వాళ్ళు అనుకునేవాళ్ళు.

ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ అమ్మ అడిగింది, "ఆ పచ్చతుండు ఆయన ఎవురు?"

నాకు అర్థం కాలేదు.

"పాకాలకు సంఘం మీటింగుకి పోతిని గదా. మండీకాడ ట్రాక్టర్లు అడ్డమొచ్చి బస్సు నిలిపేసినారు. కిటికీ పక్కన కూసోనుండా."

"మునికుమారన్న. హమాలీ," అన్నాను.

"నువ్వేనా ఆయన్ని కేకేసింది?"

"అవును."

"నగతా ఉంటివి."

నవ్విన మాట నిజమే. అమ్మ నా సంగటి మీద ఇంకో గరిటె పప్పు వేసింది. నేను చాలన్నా వేసింది.

జూలై ఆఖరుకు కాయలయిపోయాయి. చివరగా కాసే నీలం కాయలు కూడా పోయాయి. ఆడికృత్తికకు కావళ్ళు కడుతున్నారని వీధిలో పిల్లలు చెప్పుకుంటుండగా, ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి రాజారత్నం వచ్చాడు. బస్సు దిగి, సందులోంచి నడిచి వచ్చాడు. తిరిగి పోయేటప్పుడు కారులోనే పోదామని.

నేను ఎలా ఊహించుకున్నానో అలా లేడాయన. గుండ్రటి ముఖం, తెల్ల చొక్కా, మర్యాదగా మాట్లాడతాడు. అమ్మ మజ్జిగ ఇచ్చి వసారాలో సీటు మీద కూర్చోబెట్టింది. అవ్వ జరిగి చోటిచ్చింది. మజ్జిగ తాగి లేచి కారు చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ వచ్చి సీటు మీదే కూర్చున్నాడు.

"టైర్లు పనికొస్తాయి," అన్నాడు. "అద్దాలు బాగుండాయి. ఇంజిను ఎట్లాగూ ఇనుమే. తలుపులు మూడు పనికొస్తాయి."

"నాలుగోది?" అన్నాడు నాయన.

"అదెవురికి కావాలప్పా."

నాయన కట్టు మీద గుడ్డ సర్దుకున్నాడు. నేను గుంజకు ఆనుకొని నిలబడి ఉన్నాను. మూడు నెలలుగా డైరీలో ఉన్న మాట ఇంకా డైరీలోనే ఉంది.

అమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంది. లోపలికి పోలేదు.

"అన్నా, ఈరోజు మా ఆయనకు కట్టిప్పే దినం. పుత్తూరికి పోవాల."

"పోయిరండమ్మా. బస్సులుండాయి గదా. నేను బండి తీసుకొని పోతా."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "పాపా, కారుకు సీటు బిగించేదానికి ఎంతసేపు పడతాది?"

"నాలుగు బోల్టులు," అన్నాను. "పది నిమిషాలు."

"అయితే కానీ. నలుగురం పోవాల గదా."

అందరం నోళ్ళు తెరిచాం. నాయనే ముందుగా తేరుకున్నాడు. "మోహనా, నువ్వు స్వామి ముందర సెప్పినావు. తప్పు. వొద్దు. నువ్వు బస్సుకే రా."

"అది ఏం సెప్పిందో నన్నడుగు," అంది అవ్వ.

అందరం అవ్వ వైపు తిరిగాం.

"నేను పక్కనే నిలబడుకోనుండా. 'ఈ మనిషి తోలే కారులో ఇంక కాలు పెట్టను సామీ' అనె. నిన్నే అనిందిరా మునిచంద్రా. కారునేమీ అనలేదు. పాప తోలితే స్వామికేం అడ్డం?"

"అత్తా," అంది అమ్మ, "ఏడాదిగా ఈ మాట ఎందుకు సెప్పలే?"

"ఎందుకు సెప్తా? నువ్వు బస్సులో పోతే నాకు ముందు సీటు దొరుకుతుండె."

అమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. తను అన్న మాట తనకు గుర్తులేదని కూడా అనలేదు. గ్లాసు లోపల పెట్టడానికి పోయింది, అంతే.

రాజారత్నం ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూస్తున్నాడు. ఆయన ఇంకా సీటు మీదే కూర్చొని ఉన్నాడు. నాయన సీటు వైపు చూశాడు. అవ్వ చూసింది. ఇంటికి వచ్చిన మనిషిని లెమ్మని ఎవరంటారు? నాయన గొంతు సవరించుకున్నాడు కానీ, మండీలో లాగే, గొంతు రాలేదు.

"మామా," అన్నాను. "రవంత లేస్తారా? ఈ సీటు మా కారుది."

రాజారత్నం కిందికి, తన కిందున్న సీటు వైపు చూసుకున్నాడు. తర్వాత నావైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా లేచాడు.

"ముందే సెప్పుంటే నేను ఇంత దూరం బస్సులో రాకపోదును గదమ్మా," అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది మామా," అన్నాను.

ఆయన నవ్వాడు. చొక్కా చేతులు పైకి మడిచి సీటు ఒక చివర పట్టుకున్నాడు. ఇంకో చివర నేను పట్టుకున్నాను. "సూడప్పా, నా యాపారం నా సేతుల్తోనే సెడగొట్టుకుంటుండా," అని నాయనతో అన్నాడు.

"రేణిగుంట మీదనే పోతాం," అంది అవ్వ. "నువ్వూ ఎక్కు నాయనా. దార్లో నిలిచిపోతే తోసేదానికి ఒక మనిషి ఉంటాడు."

నాయన లైసెన్సు తెచ్చుకుంటానని లోపలికి పోయాడు. లైసెన్సు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. లోపల రెండు మూడు నిమిషాలున్నాడు. బయటికి వచ్చేటప్పుడు ముఖం కడుక్కొని ఉన్నాడు.

నాలుగు బోల్టులూ బిగించాను. మూడు నెలల దుమ్ము, అవ్వ వక్కాకు మరకలు, ఒక మామిడి టెంకతో సహా సీటు తన చోటికి పోయింది. నాయన ముందు కూర్చున్నాడు. అవ్వ ముందు సీటు వైపు ఒకసారి చూసి, నిట్టూర్చి, వెనక కిటికీ పక్కన కూర్చుంది. ఆమె పక్కన రాజారత్నం మోకాళ్ళు దగ్గరికి ముడుచుకొని కూర్చున్నాడు. నేను నా చోట్లోకి ఎక్కి తాళం తిప్పాను. మొదటిసారి పలకలేదు. రెండోసారి దగ్గింది. మూడోసారికి అందుకుంది.

"ఇనుమంటివే," అన్నాడు నాయన, వెనక్కి తిరక్కుండానే.

రాజారత్నం మోకాళ్ళు ఇంకొంచెం ముడుచుకున్నాడు.

నా పక్క తలుపు తెరిచే ఉంది. ఎవరినైనా పిలుద్దామని సందులోకి తొంగి చూశాను. ఎవరూ లేరు. సందు మలుపు దాకా వినపడేట్టు కేకేద్దామని ఊపిరి పీల్చుకున్నాను.

అమ్మ ఇంటికి తాళం వేసి మెట్లు దిగి వచ్చింది. చేతిలో సంచి కిటికీలోంచి అవ్వకు అందించింది. వెనక తలుపు దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి నా వైపుకు వచ్చింది. నా ముఖం చూడలేదు. తలుపు వైపే చూస్తూ కొంగు నడుముకు దోపుకుంది. రెండు చేతులతో పైకెత్తింది. ఎక్కడ తట్టాలో నేను చెప్పబోయాను.

చెప్పక్కర్లేకపోయింది. తుంటితో ఒక్కటే తట్టింది. తలుపు పడింది.